రాబిన్సన్ అనే మాట లేని 'రాబిన్సన్' పాట

సభకు నమస్కారం. నెలకొకరు తమకు ఇష్టమైన సంగీతం గురించి మాట్లాడాలన్న ఈ ఏర్పాటులో నా వంతు వచ్చి, ఒక జపాను రాక్ బృందం గురించి చెబుతానని అనగానే, ముందు వరుసలో కూర్చున్న పెద్దలొకరు "చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చుకోవాలా బాబూ" అని అడిగారు. అక్కర్లేదని అప్పుడే మనవి చేశాను. ఈరోజు వినబోయే పాటలు మొదటిసారి వినేవారికి జోలపాటలంత మెత్తగా తోస్తాయి. నాకు వాటి మీద ఇష్టం ఆ మెత్తదనంతోనే మొదలైంది గాని, అక్కడే ఆగిపోలేదు. మాటలు అర్థమవుతున్నకొద్దీ ఆ పాటల్లో దాచిపెట్టుకున్న చాకులు, ఊపిరి వదలని పిల్లికూనలు, చావుకీ బతుకుకీ నడుమ ఊగే జంటలు కనబడసాగాయి. జపాను ప్రజలు వాటినే బడి వీడ్కోలు సభల్లోనూ, పొద్దుటి టీవీ సీరియల్ ముందూ ముప్పై ఏళ్ళుగా హాయిగా పాడుకుంటున్నారు. ఈ రెండూ ఒకే పాటలో ఎలా ఇముడుతున్నాయన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న సంగతి.

బృందం పేరు స్పిట్జ్. జర్మను భాషలో ఆ మాటకు మొనదేలినది అని అర్థం. ఒక కుక్కజాతికీ అదే పేరు. మన ఇళ్ళలో పామెరేనియన్ అని ముద్దుగా పిలుచుకుంటూ పెంచుకున్న తెల్ల బొచ్చుకుక్కలు చాలావరకు ఆ జాతివే కాబట్టి, ఆకారం చిన్నది, అరుపు పెద్దది అన్న సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. 1987లో టోక్యోలో చదువుకుంటున్న నలుగురు యువకులు ఈ బృందాన్ని కట్టారు. పాడేవాడు, పాటల్లో చాలా భాగం రాసి స్వరపరిచేవాడు కుసానో మసమునె, ఫుకుఓకా నుంచి వచ్చినవాడు. గిటారు వాయించే మివా తెత్సుయా, బేస్ గిటారు వాయించే తమురా అకిహిరో షిజుఓకా ప్రాంతంలోని ఫుజిఎదాలో కలిసి పెరిగిన స్నేహితులు. డ్రమ్స్ సకియామా తత్సువో, తొచిగి ప్రాంతం వాడు. ఆనాటి నుంచి నేటి వరకు అదే నలుగురు. ఒకరు పోయింది లేదు, ఒకరు చేరింది లేదు. నలుగురం కలిసి ఒక గ్రంథాలయ సంఘాన్ని నాలుగేళ్ళు నడపలేకపోయిన అనుభవం ఈ సభలో కొందరికి ఉంది కనుక, దీని విలువ ప్రత్యేకించి చెప్పను.

కుసానో మొదట చేయాలనుకున్నది ఈ మెత్తని సంగీతం కాదు. గట్టిగా, వేగంగా సాగే పంక్ పాటలు అతని ఆశ. అయితే అదే కాలంలో టోక్యో వేదికల మీద ద బ్లూ హార్ట్స్ అనే బృందం వెలిగింది. వాళ్ళను విన్న కుసానోకు, తాను చేయాలనుకున్నదంతా వాళ్ళు అప్పటికే తనకన్నా బాగా చేసేశారని తోచి, కొంతకాలం బృందమే ఆగిపోయింది. మళ్ళీ మొదలైనప్పుడు అతని చేతిలో ఉన్నది విద్యుత్తు అక్కర్లేని చెక్క గిటారు. ఓడిపోయి దారి మార్చుకున్నవాడి సంగీతం ఇది. అయినా పంక్ వదిలిపోలేదు, పైకి వినబడకుండా లోపలికి దిగింది. ధ్వనిలో లేని కరకుదనం మాటల్లోకి చేరింది. తొలినాళ్ళ ఒక ముఖాముఖిలో తన పాటలకు విషయాలు రెండే, కామమూ మరణమూ అని కుసానో చెప్పుకున్నాడు. పసిపిల్లాడిలా తేటగా, కంపం లేకుండా పైస్థాయిలో సాగే ఆ గొంతు విన్నవారెవరూ ఆ మాటను మొదట నమ్మరు.

1991 మార్చిలో తొలి ఆల్బమ్, భరతపక్షి హృదయం అని అర్థమిచ్చే 'హిబరి నొ కొకొరొ' అనే తొలి సింగిల్, అంటే ఒక పాట కోసం విడిగా వేసే రికార్డు, వచ్చాయి. విమర్శకులు ఆదరించారు గాని అమ్మకాలు లేవు. 1993లో ఈసారి జనానికి నచ్చాలని పట్టుబట్టి, సాసాజి మసనోరి అనే అనుభవజ్ఞుడైన నిర్మాతను తెచ్చుకుని, తళుకుబెళుకులతో 'క్రిస్పీ!' అనే ఆల్బమ్ చేశారు. అదీ అమ్ముడుపోలేదు. నన్నడిగితే అందులో ప్రయత్నం బయటికి కనబడుతుంది. నవ్వమన్నప్పుడు నవ్విన ఫోటోలా ఉంటుంది.

ఇక 'రాబిన్సన్'. ఇది 1995 ఏప్రిల్ 5న వెలువడిన వారి పదకొండో సింగిల్. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు టోక్యోను ఆనుకుని ఉన్న కవాసాకిలో ఉన్నాను. ఇంటికి దగ్గర్లో తమా నది, దానికి గట్టు, గట్టు మీద సైకిళ్ళు పోయే బాట. ఒక రాత్రి అన్నపు ముద్దలు కొనుక్కోవడానికి వెళ్ళిన ఇరవైనాలుగు గంటల దుకాణంలో ఈ పాట వినబడింది. భాష అప్పటికి అరకొరగానే వచ్చు. నది ఒడ్డు, సైకిలు, వెంటపడ్డాను అన్న మూడు మాటలు మాత్రం తెలిశాయి. నేను రోజూ నడిచే బాట గురించి ఎవరో నాకే చెబుతున్నట్టనిపించి, డబ్బులిచ్చేశాక కూడా పాట అయ్యేదాకా పాల సీసాల ముందు నిలబడ్డాను.

(ఇక్కడ వక్త 'రాబిన్సన్' పాట మొదటి చరణాన్ని వినిపించారు.)

మీరు విన్న ఆ ఎత్తుగడను గమనించండి. మివా గిటారు మీద తీగలన్నిటినీ ఒక్కసారిగా మీటడు. ఒక్కొక్క స్వరాన్ని విడదీసి, వాన వెలిశాక చూరు నుంచి బొట్లు రాలినట్టు జారవిడుస్తాడు. దాన్ని ఆర్పెజియో అంటారు. జపానులో ఆ నాలుగు క్షణాలు వింటే చాలు, పాట ఏదో అందరూ చెప్పేస్తారు. ఇంతకీ ఈ పాటకు రాబిన్సన్ అనే పేరెందుకు? పాటలో ఆ మాట ఎక్కడా లేదు. ఒంటరి దీవిలో చిక్కుకున్న నావికుడి కథకూ దీనికీ సంబంధం లేదు. కుసానో థాయిలాండు వెళ్ళినప్పుడు అక్కడ రాబిన్సన్ అనే పెద్ద దుకాణం చూశాడు, ఆ పేరు నచ్చి, రాస్తున్న పాటకు గుర్తు కోసం తాత్కాలికంగా తగిలించాడు, తర్వాత మార్చలేదు. అంతే. మన ఇళ్ళలో బారసాలకు ముందు ఏదో ఒకటి పిలవాలి కదా అని పిలిచిన ముద్దుపేరు, బడి రిజిస్టరులోకీ పెళ్ళి శుభలేఖలోకీ ఎక్కినట్టు.

ఇది పెద్ద హిట్టవుతుందని బృందమే అనుకోలేదు. వారపు అమ్మకాల పట్టికలో ఇది ఎప్పుడూ మొదటి స్థానానికి చేరలేదు, నాలుగు దాకా వచ్చింది. కాని దిగలేదు. నెలల తరబడి పట్టికలోనే ఉండి, 16 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. ఒక్కసారిగా ఎగిసి చల్లారిన పాట కాదు, నోటి మాటగా పాకిన పాట.

సాహిత్యం సంగతికి వస్తాను. నది గట్టు మీద సైకిల్ తొక్కుతున్న ఒకరి వెంట మరొకరు పడటంతో మొదలవుతుంది. మధ్యలో, మూలన పారేసినా ఊపిరి తీయడం మానని ఒక పిల్లి వస్తుంది. అది తనలాగే ఉందనుకుని ఎత్తుకుని, దానికి ఇష్టమున్నా లేకున్నా చెంపకు ఆనించుకుంటాడు. పల్లవిలో ఎవరూ తాకలేని, ఇద్దరికే చెందిన ఒక దేశం ఉంటుంది. చేయి వదలకుండా ఆ దేశాన్ని ఆకాశంలోకి తేల్చేయాలంటాడు. మళ్ళీ పుట్టడం అన్న మాట కూడా ఉంది. ఇది తొలి ప్రేమ పాట అని చాలామంది అంటారు. కలిసి ప్రాణం తీసుకున్న జంట పాట అని మరికొందరు అభిమానులు వాదిస్తారు. నేను రెండో వర్గానికి చెందినవాణ్ణి కాను గాని, ఆ పిల్లి ఉన్నంతవరకు వాళ్ళ వాదాన్ని కొట్టిపారేయనూ లేను. చావు దాకా వెళ్ళినవారికి మాత్రమే ఊపిరి తీయడం ఒక పనిగా కనబడుతుంది.

ఇక్కడ తెలుగువారిగా మనకు చేతికందే ఒక విషయం చెప్పాలి. జపాను భాషను పాటలో కొలిచేది మాత్రలతోనే. ఐదు, ఏడు, ఐదు అని హైకూకు లెక్కపెట్టేవి మన కొలతలో మాత్రలే. హ్రస్వాక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. అక్షరం వెనక నకారపు పొల్లు వస్తే దానికీ ఒకటి. మన ఛందస్సులో పొల్లుతో కూడిన అక్షరం గురువవుతుందని చదువుకున్నాం కదా, సరిగ్గా అదే లెక్క. జపానువారు ఈ పాట పేరును 'రొబిన్సొన్' అని పలుకుతారు. ఒక లఘువు, రెండు గురువులు. అంటే యగణం, ఐదు మాత్రలు. ఇంకొక సామ్యం: జపాను మాటలు అచ్చుతో ముగుస్తాయి, లేదా నకారపు పొల్లుతో ముగుస్తాయి, వేరే హల్లుతో ముగియవు. తెలుగు అజంత భాష అని, పాత కావ్యభాషలో మాట చివర నిలిచే పొల్లు ద్రుత నకారమని వ్యాకరణం చదివినవారికి ఇది వినగానే ఎంత దగ్గరి చుట్టరికంలా తోస్తుందో! చుట్టరికం కాదని భాషాశాస్త్రజ్ఞులు కోప్పడతారు, సరే. కాని పాడేటప్పుడు మాత్రకొక స్వరం చొప్పున మాట విచ్చుకునే తీరు మాత్రం మన చెవికి కొత్త కాదు. కుసానో ఈ కొలతను చాలా శ్రద్ధగా పాటిస్తాడు. మాటను సాగదీసి స్వరంలో ఇరికించడం అతని పాటల్లో అరుదు. అందుకే భాష రానివాడు కూడా రెండోసారి వినగానే వెంట పాడగలుగుతాడు. పల్లవి చివర అతను పెట్టుకున్న 'రు-ర-ర' అన్న అర్థంలేని మూడు మాత్రలైతే మన తందాన తానకు తోబుట్టువులే.

'రాబిన్సన్'కన్నా ముందు, 1994 ఏప్రిల్‌లో, 'సొర మొ తొబెరు హజు' అనే పాట వచ్చింది. ఆకాశంలో కూడా ఎగరగలమనుకుంటాను అన్నట్టు దాని అర్థం. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1996 జనవరిలో ఫుజి టీవీలో 'హకుసెన్ నగాషి' అనే సీరియల్‌కు దీన్ని శీర్షిక గీతంగా పెట్టడంతో, రెండేళ్ళ పాత పాట పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ సీరియల్ పేరు వెనక ఒక ఆచారం ఉంది: గిఫు ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో చదువు ముగించిన పిల్లలు తమ టోపీల తెల్ల పట్టీలను, యూనిఫారాల మెడ రుమాళ్ళను ఒకదానికొకటి ముడివేసి నదిలో వదిలిపెడతారు. అలా ఈ పాట బడి వీడ్కోలుకు అతుక్కుపోయింది. ఇప్పుడు బడిపిల్లలు బృందగానంగా పాడుతున్నారు.

పాడుతున్నది ఏమిటో చూడండి. మొదట్లోనే దేవుడి నీడకు భయపడటం ఉంది. తన చేతికి నప్పని, దాచిపెట్టుకున్న చాకు ఉంది. ఆ పిల్లవాణ్ణి ఓదార్చేది ఒక తమాషా పాట. చెత్తతో తళతళలాడే లోకం తమను కాదన్నా సరేననే మాట ఉంది. తెల్ల చొక్కాలు వేసుకుని, వరుసలో నిలబడి, పియానో వెంట పిల్లలు ఈ చాకు గురించి తీయగా పాడుతుంటే, కింద కూర్చున్న తల్లిదండ్రులు కళ్ళొత్తుకుంటారు. ఇందులో వెటకారం ఏమీ లేదని నా నమ్మకం. పదిహేనేళ్ళ పిల్లవాడి జేబులో అలాంటి చాకు ఒకటి, నిజంది కాకపోయినా, ఉంటుంది. ఆ సంగతి తెలిసిన పెద్దవాడొకడు రాసిన పాట కాబట్టే పిల్లలు దాన్ని మొక్కుబడిగా పాడరు.

'చెర్రీ' గురించి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే జపానులో గిటారు నేర్చుకునేవారు మొదట పట్టుకునే పాటల్లో ఇదొకటి, దాన్ని విప్పి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మన శంకరాభరణం మెట్ల మీద, సులువైన తీగల కూర్పుతో నడుస్తుంది. 1996 ఏప్రిల్ 10న వచ్చింది. జపానులో బడులకూ కార్యాలయాలకూ ఏప్రిల్‌తోనే కొత్త సంవత్సరం. చెర్రీ అనే మాట ఈ పాటలోనూ లేదు. వంకర తిరిగిన దారి, అప్పుడే పుట్టిన సూర్యుడు, కలలను దాటి వచ్చే పసుపు ఇసుక ఉన్నాయి. ఆ ఇసుక కవి కల్పన కాదు. వసంతంలో ఆసియా ఎడారుల నుంచి గాలికి లేచిన పసుపు ధూళి సముద్రం దాటి జపాను పడమటి తీరాన దిగుతుంది. ఫుకుఓకాలో పెరిగిన పిల్లవాడు దాన్ని ఏటా చూసే ఉంటాడు. పూల కాలం గురించి పాట రాస్తూ పూలను వదిలేసి, కారు అద్దాల మీద పేరుకునే దుమ్మును పట్టుకున్నాడు చూడండి, అది నాకు నచ్చింది. మోసం చేసైనా, నిజాయితీగానైనా బతికేయగలననిపించింది అన్న భావం కూడా ఇందులోదే. ఎంత నీతిబాహ్యమైన మాట, ఎంత నిజమైన మాట!

(ఇక్కడ 'చెర్రీ' పల్లవిని వినిపించారు. సభలో ఇద్దరు ముగ్గురు చేతులతో తాళం వేశారు.)

తర్వాతిది 'కయెదె'. కయెదె అంటే శరదృతువులో ఆకులు ఎర్రబారే మేపుల్ చెట్టు. 1998 మార్చిలో 'ఫేక్ ఫర్' అనే ఆల్బమ్‌లో వచ్చి, జులైలో సింగిల్ అయింది. ఊహించే ఉంటారు, ఈ పాటలోనూ ఆ చెట్టు పేరు లేదు. మూడు ప్రసిద్ధ గీతాలు, మూడింటి పేర్లూ పాట బయటే నిలబడ్డాయి. ఇది కుసానో అలవాటుగా చేసిందో, కావాలని చేసిందో అని తర్కించడం కన్నా, వినేవాడికి ఏమవుతుందో చూడటం మేలు. పేరు ఒక రుతువును ఇస్తుంది. పాట ఆ రుతువును ప్రస్తావించదు. వీడ్కోలు చెప్పి, ఒకరి గొంతును మాత్రం మోసుకుంటూ నడిచిపోతున్న మనిషి ఉంటాడు. అతని చుట్టూ ఎర్రని ఆకులను పరిచేది పాడేవాడు కాదు, వినే మనం. ఈ పాటలో రాబోయే కాలం పొడవును రెప్పపాటుతో కొలిచే విచిత్రమైన పోలిక ఒకటుంది. మనం రోజూ వాడే నిమిషం అన్న మాటకు మూలం నిమేషం, అంటే రెప్పపాటే. రెప్పపాటును అరవై సెకన్లకు సాగదీసుకున్న జాతికి, ఒక రుతువుకు సాగదీసినవాడి బాధ అర్థం కాకపోదు. నాకు మిక్కిలి ఇష్టమైన పాట ఏదని గట్టిగా అడిగితే, 'రాబిన్సన్' పేరు చెప్పి, ఇంటికి పోయి 'కయెదె' వింటాను.

1999 డిసెంబరులో ఒక గొడవ జరిగింది. హిట్ పాటల సంకలనం వేయడం బృందానికి ఇష్టం లేదు. అయినా వారి రికార్డు సంస్థ 'రీసైకిల్' అన్న పేరుతో ఒకటి వెలువరించింది. అది 20 లక్షలకు పైగా అమ్ముడైంది. బృందం సంతోషించలేదు. 2006లో తమ పర్యవేక్షణలో 'సైకిల్ హిట్' సంకలనాలు వచ్చాక, ఆ పాతదాని ముద్రణ నిలిచిపోయింది. ఆ సంకలనం వెలువడిన కొన్ని నెలలకే, 2000 జులైలో, 'హయబుస' వచ్చింది. హయబుస అంటే ఒక జాతి డేగ. గిటార్లు గరుకుగా గర్జిస్తాయి, డ్రమ్స్ ముందుకు దూకుతాయి. ముందు వరుస పెద్దలకు దూది అవసరమయ్యేది ఇక్కడే. అందులో '8823' అనే పాట ఉంది. దాన్ని అంకెలుగా చదవరు. ఎనిమిది హ, మళ్ళీ ఎనిమిది య, రెండు బు, మూడు స, కలిపితే హయబుస. అంకెలకు అక్షరాలు చెప్పుకునే ఈ ఆట మన కటపయాది సూత్రానికి వరసకు తమ్ముడు. ధీరశంకరాభరణంలో ధకారం తొమ్మిది, రకారం రెండు, తిప్పి చదివితే ఇరవై తొమ్మిదో మేళకర్త అని లెక్కగట్టేవారికి దీన్ని విప్పడం నల్లేరు మీద నడక. కచేరీల్లో ఈ పాట రాగానే, అంతసేపూ ఒద్దికగా నిలబడ్డ కుసానో పక్కన తమురా బేస్ గిటారుతో వేదికంతా పరుగెత్తుతాడు. బ్లూ హార్ట్స్‌ను విని ఆగిపోయిన ఆ పంక్ కుర్రవాడు పన్నెండేళ్ళ తర్వాత ఇక్కడ బయటపడ్డాడని నా లెక్క.

వేదికల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. జపానులో రాక్ బృందాలు కొంచెం పేరు రాగానే ఆశపడే సభాస్థలి టోక్యోలోని బుదొకాన్. వీరు అక్కడ మొదటిసారి పాడింది 2014లో, బృందం పుట్టిన ఇరవై ఏడేళ్ళకు. అప్పటిదాకా చిన్న హాళ్ళలోనే ఎక్కువగా పాడుతూ వచ్చారు.

ఈ పాటల్లో జంతువులు ఎన్ని ఉన్నాయో మీరు గమనించే ఉంటారు. తొలి పాట భరతపక్షిది. రెండో ఆల్బమ్‌లో కుందేలు బైకు ఉంది. 1994లో 'అఒయి కురుమ' అనే సింగిల్ వెనకవైపు పాట పేరు 'నెకొ ని నారితాయ్', అంటే పిల్లినైపోవాలనుంది అని. సాలీడు ఉంది, మిణుగురు ఉంది, డేగ సరేసరి. 2013 ఆల్బమ్ పేరే 'చీసన ఇకిమొనొ', చిన్న ప్రాణులు. దానికి రెండేళ్ళ ముందు, 2011 మార్చి భూకంపం తర్వాత, కుసానో ఆ విపత్తు కలిగించిన తీవ్రమైన మానసిక ఒత్తిడితో కొన్ని వారాలు పాడలేకపోయాడు, కచేరీలు వాయిదా పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్‌కు ఆ పేరు చూసినప్పుడు నాకు 'రాబిన్సన్'లోని పిల్లి గుర్తొచ్చింది. ఈ కవికి సింహాలు, ఏనుగులు అక్కర్లేదు. కాలి కింద పడితే నలిగిపోయేవి, అయినా ఊపిరి మానుకోనివి కావాలి. పాటను అంత మెత్తగా పాడటం కూడా అందుకేనని ఇన్నేళ్ళకు నాకు అర్థమైంది: అరచేతిలో పిచ్చుకపిల్ల ఉన్నవాడు గట్టిగా మాట్లాడడు.

తర్వాతి పాటల్లో రెండింటిని పేర్కొని వదిలేస్తాను. 2019లో జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పొద్దుటి సీరియల్ 'నత్సుజొర'కు 'యససీ అనొ కొ' పాడారు; హొక్కయిదో చలి నేల మీద పెరిగిన అమ్మాయి కథకు తగినట్టు చల్లగా, తేలికగా ఉంటుంది, కాని నాకది కాస్త మంచితనం ఎక్కువైన పాట. 2023లో డిటెక్టివ్ కోనన్ అనే బొమ్మల కథల వరుసలోని ఒక చలనచిత్రానికి చేసిన 'ఉత్సుకుషీ హిరె', అందమైన చేపరెక్క అని అర్థం, అంతకన్నా నాకు దగ్గరైంది. యాభై దాటిన ఆ నలుగురూ ఇంకా చేపరెక్కల వంటి వాటి గురించే పాడుతున్నారు.

నిరుడు బ్యాంకాక్ వెళ్ళినప్పుడు ఒక వీధి మలుపులో రాబిన్సన్ అన్న బోర్డు కనబడింది. లోపలికి వెళితే చొక్కాలు, చెప్పులు, రైస్ కుక్కర్లు. ఏ ఊళ్ళోనైనా ఉండే దుకాణమే. ఏదో ఒకటి కొనకపోతే బాగుండదనిపించి ఒక చేతిగుడ్డ కొన్నాను. బిల్లు కాగితం మీద పైన ఆ పేరు అచ్చయి ఉంది. అది ఇదిగో, తెచ్చాను. చేతులు మారుతూ చివరి వరుస దాకా వెళ్ళి తిరిగి రావాలి, పారేయకండి. అది తిరిగి వచ్చేలోపు ఆ పాటను ఈసారి మొదటి నుంచి చివరి దాకా విందాం.

(పాట పూర్తిగా వినిపించారు.)